కొత్త మొఖం

పొద్దున జగిత్యాలలో ఆయన సేటు. మధ్యాహ్నం కోరుట్లలో కల్లివెల్లి. పొద్దుగూకేసరికి సిరిసిల్లలో పిల్లల్ని ఎత్తుకుపోయే దొంగ. 2018 మే నెలలో ఒక్క రోజులో ఈ మూడు పేర్లూ మోసిన మనిషి మా కాక, మా నాయన తమ్ముడు. పొద్దటి నుంచి రాత్రి దాకా ఆయన ఒంటి మీద అదే తెల్ల అంగీ, చేతిలో అదే సంచి, నోట్లో అదే కోరుట్ల తెలుగు.

ఆ రోజు సంగతి అర్థం కావాలంటే ముందు ఆయన పదేళ్ల కువైట్ సంగతి తెలియాలి.

బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మా దిక్కు ఒక మాట ఉంది. బాయిల నీళ్లు లేనోడికి ఈ మూడే దిక్కులు. కాక 2008లో మూడో దిక్కు పట్టాడు. పదో తరగతి తప్పాడు కాబట్టి పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర పడింది. 1983 నాటి వలస చట్టం ప్రకారం ఆ ముద్ర ఉన్నవాళ్లు గల్ఫ్ లాంటి దేశాలకు పనికి పోవాలంటే సర్కారు అనుమతి తీసుకోవాలి. చదువు లేనివాడిని ఏజెంట్లు ముంచకుండా కాపాడటానికి పెట్టిన ఏర్పాటు అది. అయినా కాక మునిగాడు. కంపెనీ పని అని చెప్పి ఏజెంటు చేతిలో పెట్టింది ఇంటి పనివాళ్లకిచ్చే ఇరవై నంబరు వీసా. దిగిన తర్వాత తెలిసింది, పని ఎడారిలో గొర్లు కాయడమని.

రెండేళ్లు కాశాడు. జీతం ఒక నెల వస్తే రెండు నెలలు రాదు. ఒక రాత్రి తన యజమాని అయిన కఫీల్‌కు చెప్పకుండా బయటపడి సిటీకి చేరుకున్నాడు. పాస్‌పోర్టు కఫీల్ దగ్గరే ఉండిపోయింది. ఆ రాత్రి నుంచి ఆయన కల్లివెల్లి. సరైన కాగితాలు లేకుండా, దొరక్కుండా పని చేసుకునేవాళ్లను గల్ఫ్‌లో మనోళ్లు అట్లా పిలుస్తారు.

ఎనిమిదేళ్లు పోలీసులకు దొరక్కుండా ఎట్లున్నవు కాకా అని అడిగితే ఆయన జేబులోంచి ఒక పెన్ను తీసి చూపించేవాడు.

"పోలీసోడు ముందుగాల కాయితం అడుగడు బిడ్డా. ముందుగాల మనిషిని సూస్తడు. బట్టలకు సిమెంటు మరకలున్నోన్ని, తల దించుకోని పోయేటోన్ని ఆపుతడు. ఇస్త్రీ అంగేసుకోని, జేబుల పెన్ను పెట్టుకోని, సక్కగ సూసుకుంట పోయినోన్ని ఆపడు. కాయితం ఉన్నోళ్లు గంటలు గంటలు ఎండల నిలవడుడు సూసిన. ఏ కాయితం లేని నేను వాళ్ల పక్కపొంటే నడుసుకుంట పోయిన."

ఆ పెన్నులో ఇంకు ఎప్పుడో అయిపోయింది. అయినా ఎనిమిదేళ్లు అది ఆయన గుండె మీదే ఉంది.

ఒకనాడు ఆయన్ని బంగ్లాదేశ్ వాడనుకున్నారు, ఒకనాడు పాకిస్తాన్ వాడనుకున్నారు. ఎవరు ఏమనుకుంటే అదే అని ఊరుకున్నాడు. ఒకే గోడ మీద ఒకే పని చేసే ఇద్దరికి వాళ్ల దేశాన్ని బట్టి వేరువేరు జీతాలు ఇవ్వడం కళ్లారా చూశాడు. ఇదంతా చదువు లేనందుకే అని ఆయన గట్టిగా నమ్మేవాడు. చదువుకుంటే, కాగితాలు సక్రమంగా ఉంటే, ఇంగ్లీషు మాట్లాడితే ఎవరూ వేలెత్తి చూపరని నమ్మేవాడు.

2017 ఫిబ్రవరిలో ఆ నమ్మకం పోయింది. ఆ నెల 22న అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం ఒలేథ పట్టణంలో, ఆస్టిన్స్ అనే బార్‌లో ఇద్దరు తెలుగు ఇంజనీర్లు పని అయిపోయాక కూర్చున్నారు. గార్మిన్ కంపెనీలో పని చేసే శ్రీనివాస్ కూచిభొట్ల, ఆయన స్నేహితుడు. ఒకడు వాళ్ల దగ్గరికి వచ్చి మీరు ఏ వీసా మీద ఉన్నారు, దొంగతనంగా ఉన్నారా అని అడిగాడు. బార్ వాళ్లు అతన్ని బయటికి పంపించారు. అతను తుపాకితో తిరిగి వచ్చి, నా దేశం విడిచి పొండని అరిచి కాల్చాడు. శ్రీనివాస్ చనిపోయాడు, వయసు 32. స్నేహితుడు గాయాలతో బతికాడు. కాల్చినవాడు పక్క రాష్ట్రానికి పారిపోయి, ఇద్దరు ఇరానీలను చంపానని ఒక హోటల్లో చెప్పుకున్నాడు. వాడు కాల్చింది తన తలలో ఉన్న ఇరానీని. పడిపోయింది మన తెలుగు పిల్లవాడు.

కువైట్‌లో కాక ఉండే గదిలో ఆ రాత్రి ఎవరూ అన్నం తినలేదట. అమెరికాలోని మనవాళ్లలో కొందరు, బయట నలుగురిలో తెలుగులో మాట్లాడకండని ఒకరికొకరు జాగ్రత్తలు చెప్పుకుంటున్నారని విని కాక ఇంకా కుంగిపోయాడు. "పెద్ద సదువు, పెద్ద కొలువు, అన్ని కాయితాలున్న పిలగాడు. ఆయిననే ఎవలని అడుగకుంట కాల్సిండు. మరి మనం ఎవలమని ఎవలడుగుతరు?" అనేవాడు. అదే బార్‌లో ఇయాన్ గ్రిల్లాట్ అనే 24 ఏళ్ల యువకుడు కాల్చేవాడికి అడ్డం పోయి చేతికి, ఛాతీకి గుండు దెబ్బ తిన్నాడు. ఆ యువకుడి ఫొటోను కాక ఫోన్లో దాచుకున్నాడు. ఇల్లు కొనుక్కోవడానికి హ్యూస్టన్‌లోని మన భారతీయులు అతనికి లక్ష డాలర్లు ఇచ్చారని తెలిసిన రోజు గదిలో అందరికీ చాయ్ పోశాడు.

2018 జనవరిలో ఇంకో వార్త వచ్చింది. ఈసీఆర్ ముద్ర ఉన్నవాళ్లకు నారింజ రంగు పాస్‌పోర్టు ఇస్తామని విదేశాంగ శాఖ ప్రకటించింది. మిగతావాళ్లది నీలం, పదో తరగతి తప్పినవాళ్లది నారింజ. "పుస్తకం ఇప్పి సూసే పని లేదింక. దూరం కెంచే గుర్తువడుతరు" అని కాక బాధపడ్డాడు. దేశమంతా వ్యతిరేకత వచ్చింది. ఆ నెల 30న ప్రభుత్వం ఆ ఆలోచన విరమించుకుంది. సరిగ్గా అప్పుడే కువైట్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించింది. కాగితాలు లేనివాళ్లు జరిమానా కట్టకుండా సొంత దేశాలకు వెళ్లిపోవచ్చు. ముందు పెట్టిన గడువును ఏప్రిల్ 22 వరకు పొడిగించారు. కాక ఎంబసీ ముందు వరుసలో నిలబడి, పాస్‌పోర్టుకు బదులుగా ఇచ్చే తెల్ల కాగితం తీసుకున్నాడు. మనోళ్లు దాన్ని అవుట్‌పాస్ అంటారు. ఏప్రిల్‌లో శంషాబాద్‌లో దిగాడు.

ఆయన దిగేసరికి కొడుకు ఇక్కడ లేడు. తండ్రి పంపిన పైసలతో అప్పు తీరక 2012లో దుబాయి పోయాడు. మధ్యలో సెలవు మీద వచ్చి సిరిసిల్ల పిల్లను పెండ్లి చేసుకున్నాడు. ఆ పెండ్లిని కాక ఫోన్లో చూశాడు. వియ్యంకుని ఇంటి గడప తొక్కలేదు. మనవడు, మనవరాలు పుట్టారు. తండ్రీకొడుకులు ఒకరికొకరు ఎదురుపడి పదేళ్లు. మధ్యలో ఉన్నదల్లా ఐఎంఓలో మాట్లాడుకునే మాటే. కొడుకు "బాపూ" అని ఒక్కసారి పిలిస్తే చాలు, వాడు తిన్నాడో లేదో, ఫోర్‌మన్‌తో తిట్లు పడ్డాడో లేదో కాక ఇక్కడి నుంచి చెప్పేవాడు.

కాక ఇల్లు చేరిన కొన్నాళ్లకే మా ఊళ్ల నిద్ర పోయింది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని ప్రతి ఫోన్లో అవే బొమ్మలు, అవే మాటలు. బైకు మీద వచ్చిన ఇద్దరు ఒక పిల్లవాణ్ని లాక్కుపోయే వీడియో అందరూ చూశారు. అది పాకిస్తాన్‌లోని కరాచీలో, పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోండని చెప్పడానికి ఒక స్వచ్ఛంద సంస్థ నటులతో తీయించింది. చివర ఆ పిల్లవాణ్ని తిరిగి దింపి, ఆ హితవు రాసిన అట్ట చూపిస్తారు. ఆ చివరి ముక్కను ఎవరో కోసేశారు. పిల్లల్ని కాపాడటానికి తీసిన బొమ్మ, మనుషుల్ని చంపడానికి పనికొచ్చింది. మే నెలలోనే బీబీనగర్ మండలం జియాపల్లిలో చుట్టాల ఇంటికి వచ్చిన ఆటో డ్రైవర్ని కొట్టి చంపారు. హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో, మహబూబ్‌నగర్ దిక్కు నుంచి అడుక్కోవడానికి వచ్చిన ట్రాన్స్‌జెండర్ల మీద గుంపు పడి ఒకరిని చంపింది. ఆ నెల 4వ తేదీనే ఒలేథలో శ్రీనివాస్‌ను చంపినవాడికి కాన్సాస్ కోర్టు జీవిత ఖైదు వేసింది. మన పిల్లవాడికి న్యాయం జరిగిందని మనం ఊపిరి పీల్చుకున్న నెలలో మన ఊళ్లల్లో కర్రలు లేచాయి.

మా పల్లెల్లో వయసు పిల్లలు రాత్రిళ్లు కర్రలతో, టార్చిలైట్లతో కాపలా తిరిగారు. ఇంటి మగవాడు దుబాయిలో, మస్కట్‌లో ఉంటే, చిన్నపిల్లలతో ఒంటరిగా ఉన్న ఆడవాళ్లకు భయం ఎంతగా ఉంటుందో చెప్పనక్కరలేదు. ఇక్కడి భయం అక్కడికి పోయేది. అక్కడి క్యాంపుల్లో తండ్రులు నిద్రపోకుండా జాగ్రత్తలు పంపేవాళ్లు. అది రెట్టింపై ఇక్కడికి వచ్చేది.

ఆ రోజుల్లోనే కాక కొడుకు గదిలో ఉండే స్నేహితుడు సెలవు మీద జగిత్యాల వచ్చాడు. అతనితో కొడుకు సామాను పంపాడు. పిల్లలకు చాక్లెట్లు, పాలపొడి డబ్బా, మనవరాలికి గౌను, తండ్రికి సెంటు సీసా. పిల్లలు ఎండాకాలం సెలవులకు తల్లితో సిరిసిల్లలో ఉన్నారు. నేనే పోయి ఇచ్చస్తానని కాక పొద్దున్నే బయలుదేరాడు.

జగిత్యాలలో సంచి తీసుకుని రోడ్డు మీదికి రాగానే ఆటో అతను దాని పిడికి వేలాడుతున్న విమానం చీటీ చూశాడు. "సేటూ, ఎప్పుడచ్చినవ్? రా కూసో" అని, బస్టాండుకు మామూలు కన్నా రెట్టింపు చెప్పాడు. టవర్ దగ్గర చాయ్ తాగుతుంటే పక్కన కూర్చున్నాయన రింగు రోడ్డు పొంటి ప్లాట్లున్నయని, ఇయ్యాల బయానా పెడితే రేటు తగ్గిస్తనని నంబరు రాసిచ్చాడు. కాక జేబులో బస్సు కిరాయికి సరిపడా పైసలున్నాయి.

కోరుట్లలో దిగి ఆధార్ తీసే చోటుకు పోయాడు. ఆధార్ మొదలైంది 2010లో, ఆయన దేశం విడిచింది 2008లో. కార్డు లేనిదే సిమ్ము తీసుకోవడం, బ్యాంకు ఖాతా తెరవడం అప్పట్లో కష్టం. కౌంటర్ దగ్గరి అమ్మాయి మర్యాదగానే అడిగింది, ఏదన్న గుర్తింపు కాగితం ఉన్నదా అని. రేషన్ కార్డులో పేరు ఎప్పుడో తీసేశారు. ఉన్నది అవుట్‌పాస్ ఒక్కటే. దాంతో కాదు, ఆఫీసరు సంతకంతో ఫారం తెమ్మన్నది. వెనుక వరుసలో ఉన్న తెలిసినాయన పక్కవాడితో అన్న మాట కాక చెవిన పడింది. "కల్లివెల్లి అయి అచ్చిండు. పదేండ్లు పోయి ఒక్క స్లాబు ఇల్లు ఎయ్యలె." కాక ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, పెన్ను ఉన్న జేబులోనే పెట్టుకున్నాడు.

కోరుట్ల నుంచి కథలాపూర్, రుద్రంగి, చందుర్తి మీదుగా వేములవాడ, అక్కడి నుంచి సిరిసిల్ల. దారి పొడుగునా గల్ఫ్ పైసలతో లేచిన ఇండ్లు, అరుగుల మీద ముసలివాళ్లు. ఎండకు తాళలేక కాక తలకు ఎర్ర గళ్ల రుమాలు చుట్టుకున్నాడు. కువైట్ నుంచి ఆయన తెచ్చుకున్న ఆస్తి అదొక్కటే.

సిరిసిల్లలో దిగేసరికి పొద్దు వాలింది. వాడంతా సాంచెల (మరమగ్గాల) చప్పుడు. 2017 నుంచి అప్పటి ప్రభుత్వం బతుకమ్మ చీరల పని ఈ సాంచెలకు ఇస్తుండేది. వియ్యంకుడు కిందటి నెలలో కిరాయి ఇల్లు మారాడు. వాడకట్టు పేరు తెలుసు, ఇల్లు తెలియదు. ఫోన్ చేద్దామంటే చార్జింగ్ అయిపోయింది. గల్లీలో పిల్లలు ఆడుకుంటున్నారు. ఫలానా వాళ్ల ఇల్లెక్కడని అడిగాడు. దుబాయి సామాను వచ్చిందంటే వాడకట్టు పిల్లలందరికీ చాక్లెట్లు పంచడం మా దిక్కు ఆనవాయితీ. సొంత మనవలకిచ్చి పక్కింటి పిల్లవాణ్ని ఉత్త చేతులతో పంపితే ఆ ఇంటికి పరువు తక్కువ. సంచి విప్పి తలా ఒకటి పెట్టాడు. ఒక చిన్నోడు ఇంకోటి కావాలని చేయి చాపాడు.

"రా బిడ్డా, ఇల్లు సూపెట్టు. ఇంకోటి ఇస్త" అని వాడి చేయి పట్టుకున్నాడు.

మిద్దె మీద బట్టలు తీస్తున్న తల్లి అది చూసింది. ఆమె పెట్టిన కేక సాంచెల చప్పుడును దాటిపోయింది.

క్షణంలో గుంపు చేరింది. ఎవలవు, ఏ ఊరు, ఈడికెందుకచ్చినవ్ అని నలుగురు నాలుగు దిక్కుల నుంచి అడుగుతున్నారు. కోరుట్ల పక్క ఊరు అన్నాడు.

"ఆధార్ సూపెట్టు."

"లేదు బిడ్డా. ఇయ్యాలనే పోయిన, ఇయ్యలేదు."

"సూసిండ్రా, ఆధార్ లేదు!"

అవుట్‌పాస్ తీసి ఇచ్చాడు. ఒకడు దాన్ని టార్చిలైటు కింద పెట్టి కువైట్ అన్న ముక్క చదివాడు. "ఈడిది మన దేశమే కాదురా" అన్నాడు.

"నేను తెలుగోన్నే బిడ్డా. మీ తీరుగనే మాట్లాడుతలేనా?"

"ఈళ్లు అన్ని బాసలు నేర్సుకోనే అస్తండ్రట."

అంగీ జేబులో పెన్ను ఇంకొకడి కంట పడింది. అటూ ఇటూ తిప్పి చూశాడు. రాస్తే పడలేదు. "పెన్ను రాస్తలేదు. ఇండ్లనే మత్తుమందు పెడతరట" అన్నాడు. కువైట్ పోలీసుల కళ్లు ఎనిమిదేళ్లు కప్పిన పెన్ను సిరిసిల్లలో సాక్ష్యం అయింది. మొదటి దెబ్బ అప్పుడే పడింది. నుదురు చిట్లింది. ఒకడు నైలాన్ తాడు తెచ్చాడు. కరెంటు స్తంభానికి కడుతున్నా కాక మాట్లాడటం ఆపలేదు. వియ్యంకుని పేరు, కోడలి పేరు, మనవల పేర్లు ఒక్కొక్కటిగా చెబుతూనే ఉన్నాడు. ఒకరిద్దరు పెద్దమనుషులు ఆగుండ్రి, ఆయిన చెప్పేది ఇందాం అన్నారు కూడా.

అప్పుడొక పిల్లవాడు ఫోన్ తీసి కాక చెవి దగ్గర పెట్టాడు. "ఇను. నీ అసొంటోళ్ల సంగతి మాకు ఎరుకే. ఊరూరికి ఈ వాయిస్ అచ్చింది."

ఫోన్లో ఒక మగ గొంతు గబగబా చెబుతున్నది. "అన్నలారా, అక్కలారా, జర జాగ్రత్త. కొత్త మొఖాలు తిరుగుతున్నయ్. చాక్లెట్లు ఆశ పెట్టి పిల్లలను పట్టుకపోతండ్రు. తాత తీరు ఉన్నడని నమ్మకుండ్రి. దొరికితె ఇడిసిపెట్టకుండ్రి, కట్టేసి పోలీసోళ్లకు అప్పజెప్పుండ్రి. మా ఇంట్ల సుత చిన్నపిల్లలున్నరు. మన పిల్లల కన్న మనకు ఎక్కువేమున్నది? అందరికి పంపుండ్రి."

కాక నోరు పడిపోయింది. అప్పటిదాకా పేర్లు చెప్పిన మనిషి ఇంకొక్క మాట మాట్లాడలేదు. ఎవలవో చెప్పవేందిరా అని చెంప మీద కొట్టినా పెదవి విప్పలేదు. "వాయిస్ ఇనంగనే నోరు మూసిండు. ఈడేరా!" అని గుంపు నిర్ధారించుకుంది. ఆగుమన్న పెద్దమనుషులు కూడా వెనక్కి తగ్గారు.

ఆ అలికిడికి కోడలు చంకలో పిల్లతో గల్లీ చివరికి వచ్చింది. స్తంభానికి ఎర్ర గళ్ల రుమాలు కనబడింది. చెప్పుల్లేకుండా ఉరికి వచ్చి, కర్రలకూ ఆయనకూ మధ్య నిలబడి, "మా మామ! మా మామ! పానం తీస్తరా?" అని అరిచింది. చంకలోని పిల్ల "తాతా" అని చేతులు చాపింది. ఆ పిల్ల చేతులు చాపాకనే అందరి చేతుల్లో కర్రలు దిగాయి.

తాడు కట్టినవాడే తాడు విప్పాడు. వాడి కళ్లలో నీళ్లు. మిద్దె మీది నుంచి కేక పెట్టిన తల్లి చెంబుతో నీళ్లు తెచ్చి కాళ్ల మీద పడింది. పోలీసులు వచ్చారు. కేసు పెడదామన్నారు. కాక వద్దన్నాడు. దవాఖానలో నుదుటికి కుట్లు వేశారు. విన్న వాళ్లమంతా అడిగిన ప్రశ్న ఒక్కటే. అన్నీ చెప్పుకొచ్చినవాడివి నడుమ నోరెందుకు మూసుకున్నవ్ కాకా, ఇంకొంచెం చెబితే నమ్ముదురు కదా? గొంతెండిపోయింది బిడ్డా అన్నాడు, అంతే.

రెండు నెలలు తిరక్కుండా, జులై 13న, మన సరిహద్దు జిల్లా బీదర్‌లోని ముర్కి దగ్గర అదే కథ చావుతో ముగిసింది. హైదరాబాద్ నుంచి కారులో వెళ్లిన స్నేహితుల్లో ఒకాయన ఖతార్ దేశస్థుడు. ఆయన తెచ్చిన చాక్లెట్లు దారిలో బడిపిల్లలకు పంచారు. ఎర్ర కారు వస్తోంది, పిల్లల దొంగలు పారిపోతున్నారని ముందు ఊళ్లకు వాట్సాప్‌లో కబురు పోయింది. ముర్కి దగ్గర దారికి అడ్డం పెట్టి ఆపి కొట్టారు. కాపాడబోయిన పోలీసులకూ దెబ్బలు తగిలాయి. సాఫ్ట్‌వేర్ ఇంజనీరు మహ్మద్ ఆజం చనిపోయాడు. అతిథిగా వచ్చిన ఖతార్ ఆయన గాయాలతో బయటపడ్డాడు. మన ఊళ్ల నుంచి వేలమంది ఏ దేశానికి పోయి బతుకుతున్నారో ఆ దేశం మనిషి మన దగ్గర చాక్లెట్ పంచితే మనం ఇచ్చిన జవాబు అది. ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో వచ్చిన కబురును ఒకేసారి అయిదు చాట్ల కన్నా ఎక్కువకు పంపకుండా కట్టడి పెడతామని ప్రకటించింది.

ఆపడం చేతకాని పని కాదు. జోగులాంబ గద్వాలలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పుకార్లు ముదరకముందే పోలీసులను ఊళ్లకు పంపారు. జానపద కళాకారులతో పాటలు కట్టించి, డప్పు కొట్టించి, ఫోన్లో వచ్చిందల్లా నిజం కాదని గడప గడపకూ చెప్పించారు. భయం వచ్చిన దారిలోనే నిజాన్నీ పంపవచ్చని అక్కడ చేసి చూపించారు.

ఒలేథలో తుపాకి పట్టినవాడిది ద్వేషం. మన వాడల్లో కర్ర పట్టినవాళ్లది పిల్లల మీది ప్రేమ. ఈ తేడా ఉందని నేనూ నమ్ముతాను. కానీ దెబ్బ తిన్నవాడి నుదుటికి ఆ తేడా తెలియదు. అక్కడా ఇక్కడా జరిగిన తప్పు ఒక్కటే. మనిషిని నువ్వెవరని అడిగారు, జవాబు వినకముందే తేల్చేసుకున్నారు. కొత్తవాణ్ని అడగడం తప్పు కాదు. ఊరికి, పిల్లలకు జాగ్రత్త కావాలి. అడిగిన తర్వాత వినడానికి ఆగకపోతే మాత్రం అది అడగడం కాదు. పరాయి దేశంలో మన పిల్లల కోసం మనం కోరుకునేది ఆ కాసేపు ఆగడమే. దాన్ని మన గల్లీలో నడిచే కొత్త మొఖానికి ఇవ్వలేనప్పుడు, కాన్సాస్‌ను అడిగే హక్కు మనకు మిగలదు. ఒలేథలో ఒక గ్రిల్లాట్ లేచాడు. సిరిసిల్లలో ఒక కోడలు పరుగెత్తింది. ప్రతి గుంపులోనూ ఒక్కరు లేవాలి, చుట్టం కాకపోయినా లేవాలి.

దవాఖాన నుంచి వచ్చిన మర్నాటి రాత్రి నేను కాక పక్కనే ఉన్నాను. జరిగింది కొడుకుకు చెప్పొద్దని ఇంటిల్లిపాదీ అనుకున్నాం. దూరాన ఉన్నవాడు రంది పెట్టుకుంటాడని గల్ఫ్ ఇండ్లల్లో చావు కబుర్లు కూడా ఆలస్యంగానే చెబుతారు. దుబాయి నుంచి ఫోన్ మోగింది. చూపు ఆనక కాక స్పీకర్ నొక్కాడు.

"బాపూ, తిన్నవా? సిరిసిల్ల పోయచ్చినవా? పిల్లలకు చాక్లెట్లు ముట్టినయా?"

గబగబా మాట్లాడే ఆ గొంతు విని కాక నుదుటి కట్టు మీద చేయి వేసుకున్నాడు.

"ముట్టినయ్ బిడ్డా. నువ్వు పెట్టిన వాయిస్ సుత ముట్టింది."